లాభం మొదటే ఉండాలి

ఫోన్ మోగేసరికి తులసి ఒక చేత్తో కూతురికి పప్పన్నం పెడుతూ రెండో చేత్తో ల్యాప్‌టాప్ మూత వేస్తోంది. మూత వెయ్యకపోతే ఏడాదిన్నర భరణి ఎంగిలి చేతులు తిన్నగా కీబోర్డు మీదికే వెళ్తాయి.

"ఒలే, టీవీలో ఏటంతన్నారు? వాన ఎప్పుడికి పడతాదంట?"

ఈశ్వర్. ధాన్యం బస్తాలతో నిన్నట్నుంచి రైసుమిల్లు దగ్గరే పడి ఉన్నాడు ఆమె భర్త. అతని గొంతు వెనక ట్రాక్టరు చప్పుడు, ఆ చప్పుడుకి మించి ఎవరివో అరుపులు.

"వాయుగుండం దగ్గరకొచ్చీసిందంట బావా. సాయంత్రం లోపు అంతన్నారు. ఇంకా మనయి తూకం అవలేదా?"

"మనయి కాదు, ఒక్కలియీ అవలేదు. పొద్దుట్నించి ఆ మిషను ఎర్ర లైటు ఎలిగించి పొమ్మంతంది. ఎవలి బస్తాలు పెట్టినా అదే. మొదటి బస్తా ఒప్పుకుంతంది, రెండోది పెట్టీసరికి 'తేడా' అంతాది. మేనేజరేమో మీరే బస్తాలు సమంగా కట్టలేదంతన్నాడు. ఊరూరోల్లం కూడబలుక్కుని ఒకేపాలి తప్పు కట్టీసినామేటి?"

"షెడ్డులో పెట్టీండి. తూకం తరవాత సూసుకోవచ్చు కదా?"

"తూకం కాని బస్తా లోపలికి రానివ్వడంట. ఒకలియి ఒకలివాట్లో కలిసిపోతాయంట. మాయమ్మ బస్తాల మీదే కూకున్నాది. లెగమంతే నా మీద కయ్‌మంతంది. ఉండు, ఎవలో కొట్టుకుంతన్నారు..."

ఫోన్ ఆగిపోయింది. తులసి కిటికీలోంచి చూసింది. ఎదురు డాబా మీద ఆరేసిన చీరలు గాలికి జెండాల్లా కొట్టుకుంటున్నాయి. తూర్పు దిక్కు మసిబారిన కుండ అడుగులా ఉంది.

వరికి వాన కావాలి. కోసి నూర్చి బస్తాకెత్తిన ధాన్యానికి మాత్రం వానంత శత్రువు లేదు. నారు పోసిన దగ్గర్నుంచి కంకి గట్టిపడేదాకా ఆకాశం వైపు చేతులు జోడించిన మనిషే, కోత అయ్యాక అదే ఆకాశాన్ని తిడతాడు. ఈ ఏడు ఈశ్వర్ సొంత చేనుతో పాటు పక్క చేను కౌలుకి చేశాడు. ఆ చేలమీది గింజ మొత్తం ఇప్పుడు మిల్లు ముంగిట్లో, ఆరుబయట, వరసలో ఉంది.

భరణి ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. తులసి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మొదటి బస్తా ఒప్పుకుంటోంది. రెండోదానికి తేడా అంటోంది.

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడ గుచ్చుకుందో తెలియగానే ముద్దని కంచంలో వదిలేసింది. ఆ మిల్లులో తూకం మిషన్‌ని నడిపే ప్రోగ్రాము తమ కంపెనీది. నిన్న సాయంత్రం ఆ ప్రోగ్రామును ముట్టుకున్నది తనే.

తులసి చదివింది భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. లెక్చరర్ ఉద్యోగం వస్తుందని రెండేళ్లు చూసింది, రాలేదు. భరణి కడుపులో ఉన్నప్పుడు, పడుకుంటే వాంతులు, కూర్చుంటే నడుంనొప్పి అయిన ఆ నెలల్లో, ఫోన్లో పాఠాలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ, రైసుమిల్లులకీ జీడిపప్పు ఫ్యాక్టరీలకీ తూకం లెక్కలు చేసిపెట్టేది, ఆమెను ఇంటి నుంచే పని చెయ్యమంది. నరసన్నపేటలో ఈ మేడమీది అద్దె వాటా, కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ, పిల్ల నిద్రపోతే దొరికే సమయం, ఇదే ఆమె ఆఫీసు. పిల్లకి జలుబు చేస్తే ఆఫీసుకీ జలుబు చేసినట్టే. చుట్టుపక్కలవాళ్లు, "కంప్యూటర్లో ఏటో సేస్తాది" అనుకుంటారు. అత్త దేముడమ్మ అయితే, "మా కోడలు మిల్లు కాటాకి బుర్ర ఎడతాది" అని ఊరంతా చెప్పుకుంటుంది.

నిన్న మధ్యాహ్నం ఆమె పైఅధికారి విజయ్‌కుమార్ విశాఖ నుంచి ఫోన్ చేశాడు.

"తులసిగారూ, కొత్త క్లయింట్ మన కోడ్ చూస్తామంటున్నారు. చూడగానే కుదురుగా కనపడాలి. లింటర్‌లో వేరియబుల్స్ వరసక్రమం నియమం పెట్టండి. పొద్దుటికి ఒక్క వార్నింగ్ ఉండకూడదు."

లింటర్ అనేది ప్రోగ్రామును నడపదు, చదువుతుందంతే. చేటలో బియ్యం పోసి మట్టిబెడ్డలేరే ముసలమ్మలా పంక్తి పంక్తీ చూసి, కుదురుగా లేనిచోట ఎర్రగీత పెడుతుంది. కుదురంటే ఏమిటో మనమే దానికి నియమాలు రాసి చెప్పాలి. ఇప్పుడు పెట్టమన్న నియమం చిన్నది: ఒకేచోట వరసగా ప్రకటించిన వేరియబుల్స్, అంటే లెక్కలో వాడే పేర్లు, అక్షరక్రమంలో ఉండాలి. బళ్లో హాజరుపట్టీ ఉన్నట్టు.

"కొన్ని ఫైళ్లు బాగా పాతవి సార్. వాటికి మినహాయింపు పెట్టనా?"

"మినహాయింపులు పెట్టుకుంటూ పోతే ఇంక నియమం ఎందుకండీ? ఇంటి దగ్గర కూర్చుని చేసేవాళ్లు ఇలాంటి చిన్న పనైనా పూర్తిగా చేస్తే, మీ గురించి నేను పైవాళ్లకి చెప్పుకోడానికి బాగుంటుంది."

మాటలో తేనె ఉంది, తేనె కింద ముల్లూ ఉంది. తులసి ఆ ముల్లునే పట్టుకుంది.

నియమం రాయడం క్షణాల పని. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోవద్దని ఇంకో ముక్క చేర్చింది. ఆపైన, నువ్వే సర్దెయ్ అని లింటర్‌కే అప్పగించింది. అది చకచకా సర్దేసింది, కానీ అన్నీ కాదు. పేరు ఎదురుగా ఉత్త అంకె ఉన్నచోట ముందువెనకలు మార్చింది. లెక్క ఉన్నచోట మాత్రం చెయ్యి పెట్టలేదు, ఎర్రగీత పెట్టి ఊరుకుంది. ఒక పేరు విలువ ఇంకో పేరు మీద ఆధారపడి ఉండొచ్చు, అలాంటివి మనిషే చూసుకోవాలి అని దాని జాగ్రత్త. ఆ సంగతి తులసికి తెలుసు. అందుకే ఒక్కొక్కటీ చదివి, ఆలోచించి, చేత్తో మార్చుకుంటూ వచ్చింది. చీకటి పడేవేళకి ఒకే ఒక్క ఫైలు మిగిలింది. మిల్లు కాటా ఫైలు.

అది రాసింది నారాయణమూర్తి. నరసన్నపేట షావుకార్ల ఇంటి కుర్రాడు, తులసి చేరకముందే కంపెనీ వదిలి హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఒక రైతు తెచ్చిన బస్తాలన్నీ సమంగా ఉన్నాయో లేదో ఆ ఫైలు చూస్తుంది. ఆ రైతు మొదటి బస్తా బరువుకి నారాయణమూర్తి పెట్టిన పేరు 'లాభం'. ఆ తర్వాతి ప్రతి బస్తాకీ వచ్చే తేడా పేరు 'అంతరం'. లాభం పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఒక గమనిక కూడా పెట్టాడు: "లాభం మొదటే ఉండాలి. దయచేసి కదపొద్దు."

దాన్ని చూసి తులసికి నవ్వొచ్చింది.

ఏ బెంగుళూరు మనిషో అయితే ఇదేమిటో అర్థంకాక, ఎందుకు కదపకూడదని ఎవరినైనా అడిగేవాడు. తులసికి అర్థమైంది. అర్థమవడమే కొంపముంచింది. ధాన్యం కొలిచేటప్పుడు ఇక్కడెవరూ 'ఒకటి' అని మొదలుపెట్టరు. మొదటి కొలత 'లాభం', తర్వాత రెండు, మూడు. ఆమె తాత కుంచంతో కొలిచేటప్పుడు అంతే, ఇప్పుడు మిల్లులో కళాసీలు బస్తాలు మోసేటప్పుడూ అంతే. కొత్త కాటాకి పసుపు రాసి, కంప్యూటర్‌కి నిమ్మకాయ కట్టే షావుకార్ల పిల్లాడు ప్రోగ్రాములోనూ లాభాన్ని ముందు పెట్టుకున్నాడు, శకునం కోసం. అంతకన్నా ఏముంటుంది? సైన్సు చదువుకున్న మనిషి శకునానికి భయపడి నియమం తప్పుతుందా?

తెరలో సగం భాగం భరణి కోసం పెట్టిన బొమ్మల వీడియో. మిగిలిన సగంలో కోడ్. 'అంతరం' ఎదురుగా ఉన్న పంక్తి పొడుగ్గా కుడివైపు వీడియో కిందికి వెళ్లిపోయింది. జరిపి చివరిదాకా చూద్దామనుకునేలోపు పిల్ల మంచం అంచునుంచి జారి కెవ్వుమంది. పరుగెత్తుకెళ్లి ఎత్తుకుని, నుదురు తడిమి, బొప్పి కట్టలేదని మళ్లీ మళ్లీ చూసుకుని, చంకన పిల్లతోనే వచ్చి ఆ పని ముగించింది. 'అంతరం' పైకి, 'లాభం' కిందికి. గమనికకి ఇక అర్థం లేదు కనక చెరిపేసింది. ఎర్రగీతలన్నీ పోయాయి. విజయ్‌కుమార్ సరేనని బొటనవేలి బొమ్మ పంపాడు. రోజుకొక్కసారి, పొద్దున్నే మిల్లులో మిషన్ ఆన్ చెయ్యగానే అది కొత్త ప్రోగ్రామును తనంతట తనే తెచ్చుకుంటుంది. తెచ్చుకుంది.

ఇప్పుడు తులసి వీడియో తీసేసి, ఆ పంక్తిని చివరిదాకా చదివింది.

అంతరం అంటే, కాటా మీదున్న బస్తా బరువులోంచి లాభం తీసివేయగా వచ్చేది.

అంతే. చంటిపిల్లకైనా తెలుస్తుంది. తీసివెయ్యాలంటే లాభమెంతో ముందు తెలియాలి. తనేమో లాభాన్ని కిందికి నెట్టేసింది. నారాయణమూర్తి వాడిన పాత పద్ధతిలో, ఇంకా పుట్టని పేరును పిలిచినా కంప్యూటర్ తప్పనదు, 'తెలియదు' అనుకుని లెక్క సాగిస్తుంది. తెలిసినదాంట్లోంచి తెలియనిది తీసేస్తే వచ్చేది అంకె కాదు. అంకె కానిదాన్ని దేనితో పోల్చినా కుదరదనే అంటుంది. కుదరకపోతే ఎర్ర లైటు. ఎంత సమంగా కట్టిన బస్తా అయినా, ఏ రైతుదైనా.

ఎవరూ తప్పు కట్టలేదు. లింటర్ భయపడి వదిలేసిన చోట తను చెయ్యి పెట్టింది.

రెండు పంక్తులూ మళ్లీ మార్చింది. గమనికను మళ్లీ రాసి, మార్పు పంపింది. అయితే ఇక్కణ్ణుంచి ఏదీ విజయ్‌కుమార్ ఒప్పుకోనిదే మిల్లుకి వెళ్లదు. ఫోన్ చేసింది. కట్ చేశాడు. మళ్లీ చేసింది. "క్లయింట్ మీటింగ్. తర్వాత" అని మెసేజ్. "సార్, మిల్లులో తూకం ఆగిపోయింది. తప్పు నాది. ఒక్క నిమిషం" అని రాసింది. ఆ మెసేజ్ ఆయన చూసిన గుర్తు రాలేదు. ఆఫీసులో ఇంకొకరికి చేస్తే, "సార్ బయటికి రానీండి మేడమ్" అన్నారు.

బయట ఎక్కడో రేకు ఎగిరి పడిన చప్పుడు.

నారాయణమూర్తి నంబరు పాత కాగితాల్లో దొరికింది. ఎప్పుడూ మాట్లాడని మనిషి. తనెవరో, సంగతేమిటో తులసి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"మరి నా కామెంట్ ఏమైందమ్మా?" అన్నాడతను.

"తీసేశానండి."

"ఎందుకని?"

"సెంటిమెంటనుకున్నాను."

"సెంటిమెంటైతే పసుపు రాస్తాను గానీ కామెంట్ ఎందుకు రాస్తానమ్మా?" అన్నాడు. మళ్లీ తనే, "పోనీలే. ఎందుకు కదపకూడదో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది నేను. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. విను. మిల్లు ఎంత దూరం నీకు? ఆటోలో వెళ్లేంతేనా? అయితే వెళ్లిపో. కాటా టేబుల్ కింద నల్ల డబ్బా ఉంటుంది, దానికి పెన్‌డ్రైవ్ పెట్టు. ఆ ఒక్క ఫైలు మార్చి, ఆపి ఆన్ చెయ్. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ కూచోకు. మా పేటలో గాలి ఎలా ఉంది?"

"పెద్దగాలి వేస్తోందండి."

"మరింకేటి, బేగి ఎల్లు!" అన్నాడు, పట్నం భాష వదిలేసి.

పిల్లని ఎక్కడ వదలాలి? కింది వాటావాళ్లు పెళ్లికి అరసవల్లి వెళ్లారు. తులసి సరిచేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, భరణికి స్వెట్టర్ తొడిగి, తల చుట్టూ తువ్వాలు చుట్టి, ల్యాప్‌టాప్ సంచీ భుజాన తగిలించుకుని ఆటో ఎక్కింది. హైవే మీద లారీలు దూసుకుపోయినప్పుడల్లా ఆటో పక్కకి ఒరుగుతోంది. పిల్ల గుండె తన గుండెకి తగిలి చిన్నగా కొట్టుకుంటోంది. ఈ చలిగాలికి దీనికి జ్వరం రాదు కదా? రాత్రికి ఆయాసం మొదలైతే, వానలో ఏ డాక్టరు దగ్గరికి? ఆ భయం మీద ఇంకో భయం. మొలకెత్తిన ధాన్యం వాసన. రెండేళ్ల కిందట ఇలాంటి వానకే కళ్లంలో కుప్ప తడిసి, లోపల చెయ్యి పెడితే పొయ్యిలా వేడిగా, తెల్లగా మొలకలు. ఆ రోజు ఈశ్వర్ అన్నం తినలేదు. అది ఆకాశం చేసింది. ఇది తను చేసింది.

మిల్లు ముంగిట్లో జాతర జనం. బస్తాల వరసల మీద కప్పిన బరకాలు గాలికి పొంగి ఎగిరెగిరి పడుతుంటే, మనుషులు వాటి మూలల మీద కూర్చుని ఆపుతున్నారు. అందరికన్నా ఎత్తున, ఒక బస్తా మీద కాళ్లు ముడుచుకుని, నెత్తిన ముసుగేసుకుని దేముడమ్మ.

"ఏటే, ఈ గాల్లో గుంటనెత్తుకొచ్చినావు? బుర్రున్నాదేటి నీకు?" అంది కోడల్ని చూస్తూనే. అంటూనే చేతులు చాపి మనవరాలిని లాక్కుని చీర చెంగులో చుట్టేసుకుంది.

"అత్తా, మిషన్ బాగుచెయ్యడానికొచ్చాను."

ఈశ్వర్ పరుగున వచ్చాడు. కళ్లు ఎర్రగా, గడ్డం మాసి ఉంది. "మిషన్‌కి ఏటయ్యిందంట? మీ ఆఫీసోల్లు సెప్పినారా?"

చుట్టూ నలుగురు మూగారు. ఆఫీసు వాళ్లు అనేస్తే సరిపోతుంది, ఇక్కడెవరికి తెలుస్తుంది? తులసి నోటిదాకా వచ్చింది ఆ మాట. అయినా బయటికి వచ్చింది వేరొకటి.

"తప్పు మిషన్లో ఉంది బావా. మీ బస్తాల్లో లేదు. నిన్న అది మార్చింది నేనే. ఉన్నచోటునుంచి కదపకూడని దాన్ని కదిపాను."

ఈశ్వర్ ఆమెను చూశాడు, మబ్బు వైపు చూశాడు. వెనకనుంచి ఎవరో అందుకున్నారు: "సదూకున్నోల్లు సేసిన పని సూడండర్రా! పొద్దుట్నించి మనం దొంగలమైపోనాం!" ఇంకొకరు, "ఇంట్లో కూకుని మన కొంప ముంచీసినాది" అన్నారు.

"ముంచినామె తియ్యడానికే వచ్చినాది కదా!" దేముడమ్మ బస్తా మీంచి కదలకుండానే అరిచింది. "మీ నోళ్లు తరవాత తెరుద్దురు గాని, ముందు దారియ్యండి. నీకు మాత్రం ఇంటికెల్లినాక ఉన్నాది తులసీ. ఎల్లు!"

కాటా దగ్గర మేనేజరు తిరుమలరావు అడ్డం పడ్డాడు. మెడలో మఫ్లరు, చేతిలో రెండు ఫోన్లు. పొద్దుటినుంచి తిట్లు తిని తిని మొహం వాడిపోయి ఉంది.

"మీ ఆఫీసు నుంచి ఫోను వస్తేనే డబ్బా ముట్టుకోనిస్తాను. రేపేదైనా తేడా వస్తే నా ఉద్యోగం పోతుందమ్మా."

"ఆయన మీటింగ్‌లో ఉన్నారండి. ఆయన వచ్చేసరికి వానొచ్చేస్తుంది. ఒక్క రైతువి, రెండు బస్తాలు పెట్టి చూడండి. అవకపోతే నన్ను గేటు బయటికి పంపించెయ్యండి."

తిరుమలరావు ఏదో అనబోయాడు. టప్ మని అతని ఫోను అద్దం మీద ఒక చినుకు పడింది. శనక్కాయంత చినుకు. దాన్ని బొటనవేలితో తుడిచి, పక్కకి తప్పుకున్నాడు.

తులసి మోకాళ్ల మీద కూర్చుని టేబుల్ కింద నల్ల డబ్బాకి పెన్‌డ్రైవ్ గుచ్చింది. ఫైలు మార్చింది. ఆపింది. ఆన్ చేసింది. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతోంది. అది తిరుగుతున్నంతసేపూ రేకుల కప్పు మీద చినుకులు ఒకటొకటిగా, తర్వాత జంటలు జంటలుగా పడుతున్నాయి. ఎవరో దేవుణ్ణి తిట్టారు. ఎవరో మొక్కుకున్నారు. తులసికి ఏ మొక్కూ గుర్తు రాలేదు. 'లాభం ముందు, అంతరం తర్వాత' అని మాత్రం లోపల అనుకుంటూనే ఉంది.

కళాసీ కూర్మయ్య ముందు వరసలోని రైతు బస్తాను కాటా మీద దించి పాటలా అరిచాడు: "లాభం!"

పచ్చ లైటు. మొదటి బస్తాకి అది పొద్దుటినుంచీ వెలుగుతున్నదే. రెండో బస్తా దించాడు. "రెండు!"

పచ్చ.

ముంగిలంతా ఒక్కసారి హోరుమంది. ఆ తర్వాత ఎవరూ నిలబడలేదు. కళాసీలతో పాటు రైతులూ బస్తాలు భుజానికెత్తారు. ఒక రైతుది అవుతూనే ఇంకొకరిది, మళ్లీ లాభం, మళ్లీ రెండు. పచ్చలైటు ఆరడం వెలగడం, బస్తా షెడ్డులోకి పరుగెత్తడం. తులసి తెర ముందునుంచి లేవలేదు. కన్నార్పితే మళ్లీ ఎర్రబడుతుందేమోనని భయం.

సగం వరసలైనా అయ్యాయో లేదో, గాలి ఒక్క విసురు విసిరింది. బరకాలు పక్షుల్లా లేచిపోయాయి. ఈశ్వర్ తమ బరకం అంచు పట్టుకుని దాంతోపాటు ఈడ్చుకుపోయి బురదలో పడ్డాడు. వెంటనే వాన. చినుకులు కాదు, కడవలతో కుమ్మరించినట్టు. మిల్లు ముంగిట్లో తెల్లటి తెర దిగిపోయింది. ఆ తెరలోంచి మనుషుల కేకలు మాత్రమే వినిపిస్తున్నాయి.

ఈశ్వర్‌వాళ్ల వంతు ఆ వానలోనే వచ్చింది.

మొదట తెచ్చింది దేముడమ్మ కూర్చున్న బస్తా. ముసలమ్మ మనవరాలిని షెడ్డులో ఎవరికో అందించి వచ్చి, ఆ బస్తాను తన ఒంటితో, గోనెపట్టాతో, చిరిగిన గొడుగుతో కాపాడింది. తను నిలువునా తడిసింది, బస్తా తడవలేదు.

"లాభం!" అన్నాడు కూర్మయ్య. పచ్చ.

ఈశ్వర్ రెండోదాన్ని దించాడు. గోనె నల్లబడి అడుగునుంచి నీళ్లు కారుతున్నాయి.

ఎర్ర.

"మల్లీ సెడిపోనాదేటి?" అన్నాడు ఈశ్వర్.

తులసి తెర చూసింది. పొద్దున అంకె లేని చోట ఇప్పుడు అంకె ఉంది. ఎండు బస్తా కన్నా తడి బస్తా ఎంత ఎక్కువ తూగుతోందో అంత.

"లేదు బావా. బాగానే పనిచేస్తంది. తడిసినాయి."

ఇంకోటి దించాడు. ఎర్ర. ఇంకోటి. ఎర్ర. వెనక వరసలవాళ్లు చూస్తున్నారు, వాళ్లవీ తడిసే ఉన్నాయి. ఈశ్వర్ కాటా చుట్టూ తిరిగి వచ్చి టేబుల్ మీదికి వంగాడు. అతని జుట్టులోంచి నీళ్లు కీబోర్డు పక్కన పడుతున్నాయి.

"తులసీ," అన్నాడు, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. "అది నీ సేతిలో ఉన్నాది కదా. ఏటైనా సెయ్యలేవా?"

చెయ్యగలదు. ఎంత తేడా దాకా ఒప్పుకోవాలో చెప్పే అంకె, 'అంతరం' కిందనే ఉంది. దాన్ని కాస్త పెంచితే చాలు. పచ్చ లైటు వెలుగుతుంది, బస్తాలు లోపలికి పోతాయి, ఎవరికీ తెలియదు. ఆమె వేలు అంకెల మీట మీదే ఉంది. నీ వల్లే కదా తడిసినాయి, అని అతను అనలేదు. అని ఉంటే నొక్కేసేదేమో.

"సెయ్యగలను," అంది.

"మరి?"

"లోపల ఎండువాటి మీద తడివి పడతాయి బావా. వేడెక్కిపోతాయి. అందరియీ ముక్కిపోతాయి."

ఈశ్వర్ మొహం తుడుచుకుని వెనక్కి తిరిగి, తనే దించిన బస్తాను తనే మళ్లీ భుజానికెత్తుకుని వానలోకి నడిచాడు.

తులసి ఫోన్ కదిలింది. విజయ్‌కుమార్: "సారీ, ఇప్పుడే మీటింగ్ అయింది. క్లయింట్ హ్యాపీ. మీరు ఇప్పుడు పంపిన మార్పులో ఒక వార్నింగ్ వచ్చింది చూశారా? లాభం కన్నా అంతరం ముందు ఉండాలట." దాని కిందే ఆమె పాత మెసేజ్‌కి చూసిన గుర్తు పడింది. ఆయన ఏదో టైప్ చేస్తున్నట్టు చుక్కలు కనిపించి, ఆగిపోయాయి.

ఆమె పెన్‌డ్రైవ్ పీకి, ఫోన్‌తో పాటు సంచిలో పడేసింది.

దేముడమ్మ ఎగిరిపోయిన బరకాన్ని ఎక్కణ్ణుంచో ఈడ్చుకొచ్చి తడిసిన బస్తాల మీద కప్పుతోంది. ఇప్పుడు కప్పి లాభం లేదని ఆమెకీ తెలుసు. భరణి ఎవరి చంకలోనో ఏడుస్తున్న గొంతు వినపడుతోంది.

"ఏటి సూస్తన్నావు అలగ? గుంటని తీసుకెల్లి లోపల మన బస్తా మీద కూకోబెట్టు. అదొక్కటే పొడిగా ఉన్నాది. కూకోబెట్టి బేగి రా. మొలకలొచ్చీలోపు విప్పి ఆరబొయ్యాల. బడి వరండాయో, ఏదో ఒకటి, సోటు ఎతకాల."

తులసి పిల్లని అందుకుంది. ఒళ్లు చల్లగా ఉంది. నుదురు మాత్రం కాస్త వెచ్చగా అనిపించింది, తన చెయ్యి చల్లబడినందుకో, నిజంగానో తెలియలేదు. షెడ్డులో తూకం అయినవాళ్ల బస్తాలు గోడలా పేర్చి ఉన్నాయి. ఆ గోడ చివర, వేరుగా, వాళ్లది ఒక్కటే బస్తా ఉంది. దాని మీద భరణిని కూర్చోబెట్టి, పొడిగా ఉన్న స్వెట్టర్ గుండీలు మెడదాకా పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి, గోనె పోగుల మధ్యనుంచి ఒక వడ్లగింజ పీకి నోట్లో పెట్టుకోబోయింది. తులసి ఆ గింజ లాక్కుని, ఎక్కడ పడెయ్యాలో తెలియక పిడికిట్లోనే ఉంచుకుని, వానలోకి పరుగెత్తింది.